వేలు తగిలితే వెలగాలి

3 జూన్ 2024

ల్యాంప్ పొద్దున్నుంచి ఆరెంజ్ రంగులో కొట్టుకుంటోంది. వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. ప్లగ్ తీసి పెట్టాను. అదే వరస.

నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. సురేందర్ పిలుస్తూనే ఉన్నాడట. తల దిండు మీంచి జారి, ముక్కు మంచం అంచుకు ఒత్తుకుపోయింది. ఎర్రగడ్డ రైతుబజార్ నుంచి అత్తమ్మ సమయానికి వచ్చింది కాబట్టి సరిపోయింది. సంచి గుమ్మంలో పడేసి, కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను దిగి వచ్చేసరికి ముందు కనిపించింది హాలంతా దొర్లిన టమాటాలు. తర్వాత ఆయన మొహం. నీలంగా ఉంది.

అత్తమ్మ నన్ను ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేది. 

కాలింగ్ బెల్ పెట్టి చూశాం ఇదివరకు. స్విచ్ నొక్కే బలం ఆ వేలికి లేదు. ల్యాంప్‌ను నొక్కక్కర్లేదు. పైన మూతకు వేలు ఆనితే చాలు, నా ఫోన్ మోగుతుంది. డబ్బా మీద మాత్రం హాయిగా నిద్రపోవడానికి, రంగులు మార్చుకోవడానికి అని రాసి ఉంది.

ఆయన కంప్యూటర్ పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో బోర్డు మీద రాస్తుంటే చేతిలోంచి మార్కర్ జారిపడటంతో మొదలైంది ఈ జబ్బు. కండరాలకు కబురు మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయట. మందు లేదు. కాళ్లు పోయాయి, ఎడమ చెయ్యి పోయింది. కుడి చూపుడు వేలు ఉంది. మాట ముద్దగా ఉంది. బుర్ర మాత్రం ఎప్పటిలాగే ఉంది. అదే ఈ జబ్బులో ఘోరం.

4 జూన్

ల్యాంప్ కంపెనీ మూతపడింది. సర్వర్ ఆపేశారు. మంచం పక్కన ఉన్న ల్యాంప్ పక్క గదిలో ఉన్న నన్ను పిలవాలంటే ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి రావాలని నాకు ఇవాళే తెలిసింది. కస్టమర్ కేర్ నంబర్ ఎత్తేవాళ్లు లేరు.

కెమెరా పెడదామన్నాను. గదిలో కెమెరా, వంటింట్లో నా ఫోన్. చూస్తూ ఉంటాను, ఏ బాధా ఉండదు అన్నాను. సురేందర్ చాలాసేపు మాట కూడదీసుకున్నాడు.

“నన్ను చూస్త కూసోకు. నేను పిలిస్తె రా.”

ఇక కెమెరా మాట ఎత్తలేదు.

సాయంత్రం ఇంకో మాట అన్నాడు. ల్యాంప్ లోపల ఉన్నది చిన్న కంప్యూటరేనట. సర్వర్‌తో పని లేకుండా దానికి మనమే ప్రోగ్రామ్ రాసుకోవచ్చట. ఎవరు రాస్తారు అని అడిగాను. నా చేతుల వైపు చూశాడు.

నేను బీకాం. ఇంట్లో కూర్చుని అమీర్‌పేట దుకాణాలకు జీఎస్టీ రిటర్న్‌లు వేస్తాను. నవ్వాను. ఆయన నవ్వలేదు.

9 జూన్

ఉమైరా వచ్చింది. సురేందర్ దగ్గరే ఎంబెడెడ్ కోర్సు చేసి, తర్వాత అదే ఇన్‌స్టిట్యూట్‌లో టీచర్‌గా చేరింది. బ్యాగులో సాల్డరింగ్ ఐరన్, సన్నటి వైర్లు, వాళ్లమ్మ పంపిన ఖుబానీ కా మీఠా. పండు ముక్కలు ఆయన మింగలేడు. పాకం చెంచాతో పెదవులకు రాస్తే కళ్లు మూసుకుని చప్పరించాడు.

ల్యాంప్‌ను బోర్లించి స్క్రూలు విప్పింది. లోపల గోరంత చిప్. దాన్ని ఆయన కళ్ల ముందు పెట్టి ఫోన్ టార్చ్ వేశాను. ఆయన ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు, ఆమెకు అయింది. ఒక్క క్షణం అసూయ పడ్డాను. రాస్తున్నాను కాబట్టి నిజమే రాస్తాను.

కంపెనీవాళ్లు చిప్‌కు తాళం వేయలేదట. వేసి ఉంటే ఎవరూ ఏమీ చేయలేకపోయేవాళ్లట. మన నసీబ్ అక్కా అంది.

మెట్ల దగ్గర చెప్పింది, సార్ బ్యాచ్ వేసవిలోనే ఎత్తేశారని. ఇప్పుడు ఆ గదిలో ఏఐ క్లాసులు. ఎంబెడెడ్ అడిగేవాళ్లే లేరట. సార్‌కు చెప్పొద్దంది. లోపలికి రాగానే సురేందర్ అడిగాడు, బ్యాచ్ ఎత్తేశారన్న సంగతి చెప్పిందా అని. ఆయనకు ఎప్పుడో తెలుసు.

10 జూన్

ల్యాంప్ ఆకుపచ్చగా ఒకసారి వెలిగి ఆరింది. అంతే. మేం రాసిన మొదటి ప్రోగ్రామ్. అత్తమ్మ దండం పెట్టుకుంది.

23 జూన్

ఎలా పని చేస్తున్నామో రాయాలి. పొద్దున స్నానం, జావ అయ్యాక లాప్‌టాప్ ఆయన ఎదురుగా స్టూలు మీద పెడతాను. ఆయన చెబుతాడు, నేను టైప్ చేస్తాను. ఒక్కో లైన్‌కు నాలుగైదుసార్లు చెప్పించుకుంటాను. లైన్ చివర పెట్టే “సెమీకోలన్” అనడం ఆయన వల్ల కావడం లేదు. నాలుకతో “ట్” అంటాడు. ట్ అంటే సెమీకోలన్. రెండుసార్లు ట్ అంటే బ్రాకెట్ మర్చిపోయానని.

నేను కీ కోసం వెతుకుతుంటే ఆయనకు కోపం వస్తుంది. నాకూ వస్తుంది. మొన్న లాప్‌టాప్ మూసేసి బయటికి వెళ్లిపోయాను. మెట్రో స్టేషన్ దాకా నడిచాను. మెట్ల కింద కోర్సుల కరపత్రాలు పంచే అమ్మాయి నా చేతిలో ఒకటి పెట్టింది. మూడు నెలల్లో ఉద్యోగం అని ఉంది. అక్కడే ఏడ్చాను. ఎవరూ చూడలేదు, అమీర్‌పేటలో ఎవరు ఎవరిని చూస్తారు. తిరిగి వచ్చేసరికి ఆయన స్క్రీన్ ఉండాల్సిన చోటే చూస్తూ ఉన్నాడు. తల తిప్పుకోలేడు కదా.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన క్లాసులో ఏం చెబుతాడో నేను అడగలేదు. ఎంబెడెడ్ అంటే ఏదో అనుకునేదాన్ని. ఒక వస్తువు లోపల కూర్చుని, బయటి నుంచి ఏదన్నా తగులుతుందేమోనని ఎదురుచూసే ప్రోగ్రామ్. తగిలితే ఒక పని చేస్తుంది, లేకపోతే ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇవాళ ఆయన చెప్పింది ఇదే. ఇది చెప్పడానికి పూటంతా పట్టింది.

14 జూలై

పని చేసింది.

నేను వంటింట్లో ఉన్నాను. ఫోన్ మోగింది. పరిగెత్తాను. ఆయన వేలు ల్యాంప్ మీద ఉంది. ల్యాంప్ పసుపుగా వెలుగుతోంది. ఏం కావాలని అడిగాను. ఏమీ వద్దన్నాడు. ఊరికే పిలిచాడు.

తర్వాత ఇంకోసారి పిలిచాడు. ఇంకోసారి. పప్పు మాడింది.

రంగుల సంగతిలో ఆయనది పట్టు. ఆయన తాకితే పసుపు. నేను ఫోన్లోంచి వెలిగిస్తే తెలుపు. ఏదైతే ఏంటి అన్నాను. ఎవరు వెలిగించిందీ తెలియాలన్నాడు. రెండింటికీ వేరే వేరే లైన్లు రాయించాడు.

ఇంకో పట్టు, ఇది అందరికీ ఇవ్వాలని. మనలాగే ఆరెంజ్ ల్యాంపులు పెట్టుకుని ఎంతమంది కూర్చున్నారో అన్నాడు. ప్రోగ్రామ్‌లు ఎవరైనా తీసుకుని వాడుకునే గిట్‌హబ్ సైట్‌లో ఉమైరా పెట్టింది. పేరు ఆయనే చెప్పాడు: పిలుపు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఎవరికి అర్థమవుతుంది అని అడిగితే, పని చేస్తే చాలు, అర్థం కానక్కర్లేదన్నాడు.

18 ఆగస్టు

పోలండ్ నుంచి ఒకతను థాంక్స్ చెప్పాడు. విశాఖపట్నం నుంచి హరిణి గారని ఒకావిడ, పిల్లాడి గదిలో ల్యాంప్ మళ్లీ వెలిగిందండీ అని తెలుగులోనే రాసింది. ఎవరో మాత్రం గులాబీ రంగు సరిగ్గా రావడం లేదని తిట్టాడు. సురేందర్ దాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. నవ్వితే ఆయనకు ఊపిరి ఎగబోస్తుంది. అయినా నవ్వాడు. గులాబీ రంగు కోసం వారం పని చేశాం.

బెడ్‌ల్యాంప్ కోసం ఇంత చేసేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్లెవరికీ మా సంగతి తెలియదు. చెప్పొద్దన్నాడు.

11 సెప్టెంబర్

ఇవాళ ఆయన మీద అరిచాను. పక్క తడిసి చాలాసేపయింది. పిలవొచ్చు కదా, అంత కష్టపడి రాసుకున్నది ఎందుకు అన్నాను.

“పిలిచిన,” అన్నాడు.

వీధిలో గణపతి డప్పులు మోగుతున్నాయి. విననట్టు నటించే వీలు కూడా ఉంది నాకు. విన్నాను.

సాయంత్రం ఉమైరా లాప్‌టాప్‌లో అంకెలు చూపించింది. వేలు తగిలితే ల్యాంప్‌లో ఒక అంకె పడిపోతుంది. ఒక గీత పెట్టుకున్నాం, అంకె గీత దాటితేనే పిలుపు వెళ్తుంది. దాన్ని థ్రెషోల్డ్ అంటారు. ఆయన వేలు ఇప్పుడు గీత దాకా రావడం లేదు. ఆనించడానికి కూడా బలం కావాలని నేను ఎప్పుడూ అనుకోలేదు.

గీతను దగ్గరికి జరిపాం. పిలుపు వచ్చింది. 

12 అక్టోబర్

దసరా. అత్తమ్మ జమ్మి ఆకు ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు ముడిచింది. వదలగానే వేళ్లు తెరుచుకున్నాయి.

21 అక్టోబర్

పోయిన వారం పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్లాం. లిఫ్ట్ దగ్గర గంట ఎదురుచూశాం. డాక్టరమ్మ మంచిదే. నెమ్మదిగా చెప్పింది. ఊపిరి కండరాలు తగ్గుతున్నాయి. ఇప్పటికి మాస్క్ మెషిన్ సరిపోతుంది. తర్వాత గొంతుకు చిల్లు చేసి మెషిన్ పెట్టాలి. పెడితే ఎన్నాళ్లయినా ఉండొచ్చు. కానీ వేలు, మాట, మింగడం ఏవీ తిరిగి రావు. ఇప్పుడే నిర్ణయించుకోండి, మాట ఉండగానే, అంది.

ఆయన మాట ఇప్పుడు నాకూ ఉమైరాకూ తప్ప ఎవరికీ అర్థం కాదు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేనే తర్జుమా చేయాలి.

“చిల్లు వద్దు,” అన్నాడు.

నేను వెంటనే చెప్పలేదు. ఆయన మళ్లీ అన్నాడు. చెప్పాను. వేరేలా చెప్పి ఉండొచ్చు, ఎవరికీ తెలిసేది కాదు అని ఆటోలో అనిపించింది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ నన్ను బాల్కనీలోకి లాగింది.

“వాడు వద్దంటడు. నువ్వు ఊ అంటవా? నా కొడుకును నేను మెషిన్ మీదైన సాదుకుంట.”

 ఆమె కోరేదే నేనూ కోరుతున్నాను.  వారం రోజులు ఆయనతో పని మాటలే మాట్లాడాను. తాగుతావా, తిప్పాలా. ప్రోగ్రామ్ తెరవలేదు.

17 నవంబర్

గీతను మళ్లీ జరిపాను. ఈసారి ఆయన చెప్పలేదు, ఉమైరా రాలేదు. నేనే చేశాను. నాకు వస్తోంది. ఆయన మాట పోతున్నకొద్దీ నాకు వస్తోంది. ఇది ఎలాంటి బేరమో.

24 నవంబర్

రోజంతా పిలుపులే. పరిగెత్తి వెళ్తే ఆయన కళ్లు ఆర్పుతాడు, నేను కాదు అని. ఫ్యాన్ గాలికి దుప్పటి కదిలితే పిలుపు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారితే పిలుపు. అత్తమ్మ పక్కనుంచి నడిస్తే పిలుపు. గీత అంకెకు ఎంత దగ్గరగా ఉందంటే, వేలికీ గాలికీ తేడా తెలియడం లేదు ల్యాంప్‌కు.

ఉమైరా రాగి టేప్ తెచ్చింది. మూత మీంచి ఒక పట్టీలా లాగి ఆయన అరచేతి కింద పరిచింది. వేలొక్కటే కాదు, చెయ్యంతా తెలుస్తుంది, ఏ కొంచెం కదిలినా పట్టుకుంటుంది. ఫ్యాన్ ఆపేశాం. దుప్పటి బదులు స్వెటర్ వేశాం. అప్పుడు కుదిరింది.

వెళ్తూ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఇదివరకు ఎప్పుడూ పెట్టలేదు. “జర ఓపిక పట్టుండ్రి సార్, నడుస్తది,” అంది. మెట్ల మీద నా వైపు చూడకుండా దిగిపోయింది.

8 డిసెంబర్

మాట పూర్తిగా పోయింది. ఆఖరి మాట ఏంటో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. గుర్తు రావడం లేదు. ట్ అనుకుంటా.

కళ్లతో మాట్లాడుకుంటున్నాం. ఒకసారి మూస్తే అవును. రెండుసార్లు మూస్తే కాదు. కానీ అది నేను ఎదురుగా ఉంటేనే. వేరే గదిలో ఉన్నప్పుడు పిలవడానికి ల్యాంపే.

అత్తమ్మ మళ్లీ అడిగింది, ఈసారి కొడుకునే. మెషిన్ పెట్టిద్దాం బిడ్డా అంది. రెండుసార్లు మూశాడు. ఆమె మళ్లీ అడిగింది. రెండుసార్లు. చీకటి పడేదాకా అడుగుతూనే ఉంది. ఆయన ప్రతిసారీ జవాబిచ్చాడు, విసుక్కోకుండా. చివరికి ఆమె ఆయన కాళ్ల దగ్గర తల పెట్టి పడుకుంది. ఆమెకు అన్నం నేను తినిపించాను.

5 జనవరి 2025

అంకె కదలడం లేదు.

పొద్దున లాప్‌టాప్ తెరిచి, తాకు అన్నాను. స్క్రీన్ మీద అంకె ఉన్నచోటే ఉంది. తాకు సురేందర్ అన్నాను. తాకుతున్నావా అని అడిగాను. ఒకసారి కళ్లు మూశాడు. తాకుతున్నాడు. ఆయన లోపల ఎక్కడో ఆ వేలు కదులుతోంది. చేతిని చూశాను. రాగి పట్టీని చూశాను. ఏమీ లేదు.

గీతను ఇంకా దగ్గరికి జరపలేను. జరిపితే అసలు గీతే ఉండదు.

అప్పుడు ఒక పని చేశాను. స్క్రీన్ నా వైపు తిప్పుకుని, ఒళ్లో ఉన్న ఫోన్లోంచి ల్యాంప్ వెలిగించాను. వచ్చింది, అన్నాను. చూడు, వచ్చింది. నవ్వాను కూడా. కొంచెం లేటుగా వస్తోంది గానీ వస్తోంది అన్నాను.

ఆయన ల్యాంప్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. రెండుసార్లు కళ్లు మూశాడు.

అప్పుడు నేనూ ల్యాంప్ చూశాను. తెల్లగా వెలుగుతోంది.

క్షమించమని అడగలేదు. ల్యాంప్ ఆర్పేశాను. ఆయన పక్కన మంచం మీద పడుకున్నాను, రాగి పట్టీ మీద ఉన్న చేతిని నా చెంప కిందికి లాక్కుని. చెయ్యి వెచ్చగా ఉంది. కదులుతోందేమోనని చాలాసేపు చూశాను. ఏదో తెలిసినట్టే ఉంది. నా నాడి కావచ్చు.

6 జనవరి

నా టేబుల్ ఆయన గదిలోకి మార్చాను. మంచానికి ఎదురుగా. ఇక నుంచి చూస్తూనే ఉంటాను అన్నాను. సరేనా?

చాలాసేపు కళ్లు తెరిచే ఉంచాడు. తర్వాత ఒకసారి మూశాడు.

26 జనవరి

రిటర్న్‌లు వేస్తాను. తల ఎత్తి చూస్తాను. మళ్లీ వేస్తాను. మాస్క్ మెషిన్ చప్పుడు ఆగకుండా వస్తుంది. ఆయన నన్నే చూస్తుంటాడు. ఎవరు ఎవరిని చూస్తున్నారో చెప్పలేను.

9 ఫిబ్రవరి

మాస్క్ ఉన్నా ఊపిరి చాలడం లేదు. డాక్టరమ్మ ఫోన్‌లో అడిగింది, నిర్ణయం మారిందా అని. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. ఆమె మళ్లీ అడిగింది. రెండుసార్లు కళ్లు మూశాడు. ఈసారి నేను వెంటనే చెప్పాను.

అత్తమ్మ మంచం దగ్గరికి వచ్చింది. ఆయనకు తల దువ్వి, పాపిడి తీసింది.

20 ఫిబ్రవరి

నిన్న పొద్దున సురేందర్ పోయాడు. నేను ఎదురుగానే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. చూడటం వల్ల ఏమీ ఆగలేదు.

16 మార్చి

ఉమైరా వచ్చింది. అన్నిచోట్ల నుంచీ ఫిర్యాదులు వస్తున్నాయట. నవంబర్‌లో నేను తెలియక మా ఇంటి గీతనే అందరి ప్రోగ్రామ్‌లోనూ పెట్టేశాను. ల్యాంపులు ఎవరూ తాకకుండా వెలుగుతున్నాయి. విశాఖపట్నంలో హరిణి గారి పిల్లాడు ఆ గదిలో పడుకోవడం మానేశాడట. తాను సరిచేయనా అని అడిగింది. వద్దన్నాను.

గీతను మొదట్లో ఉన్నచోటికి జరిపాను. ఒక్క అంకె. ఎందుకు మార్చారో రాయండి అని గిట్‌హబ్ అడిగింది. ఖాళీగా వదిలేస్తే తీసుకోదు.

“ఇక అంత మెల్లగా తాకేవాళ్లు లేరు” అని రాశాను. తెలుగులోనే. తీసుకుంది.